పక్షవాతమును, రక్తములోని చక్కెరయు

పక్షవాతము కాలుసేతులలో పుట్టు రోగమని మన పల్లెలలో పెక్కుమంది తలంతురు. అందుచేతనే మొదట నూనె మర్దించుటయు, పసరు త్రాగించుటయు జరుగును. యథార్థమునకు అది మెదడులో పుట్టును. మెదడునకు రక్తము గొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడినచో, ఆ నాళముపై ఆధారపడిన భాగము ప్రాణవాయువు లేక నశింపజొచ్చును. పెద్ద నాళము మూసికొనినచో నిమిషమునకు సుమారు 19 లక్షల మెదడు కణములు చచ్చునని 2006లో లెక్కగట్టిరి.

అట్టి వేళ రక్తములో చక్కెర హెచ్చుగా నున్నచో హాని పెరుగును. ప్రాణవాయువు చాలని చోట చక్కెర ఆమ్లముగా మారి, చావుబ్రతుకుల నడుమనున్న కణములను బాధించును. మెదడులో రక్తస్రావమగు అపాయమును హెచ్చును. అట్టివారు కోలుకొనుట కష్టతరము. మధుమేహము లేనివారికిని రోగపు తాకిడిచేత చక్కెర కొంతకాలము పెరుగవచ్చును. అది తాత్కాలికమా, దాగియున్న మధుమేహమా యనునది హెచ్.బి.ఎ.1.సి. అను పరీక్షవలన తెలియును. గడచిన రెండు మూడు నెలల చక్కెర సంగతిని అది తెలుపును.

అట్లయిన చక్కెరను ఎంత తగ్గించిన అంత మేలా? కాదు. అమెరికాలో 1,151 మంది రోగులపై జరిగిన ‘షైన్’ పరిశోధన ఫలితములు 2019లో వెలువడెను. కొందరికి ఇన్సులిన్ నరముద్వారా ఎక్కించి, డెసిలీటరు రక్తమునకు చక్కెర 80 నుండి 130 మిల్లీగ్రాముల నడుమ నుంచ యత్నించిరి; తక్కినవారికి 180కి లోపుగా నుంచిరి. మూడు నెలలకు చూడగా బాగుగా కోలుకొన్నవారు ఇరుపక్షములందును ఇంచుమించు సమానమే. గట్టిగా తగ్గించినవారిలో మాత్రము నూటికి ఇద్దరు ముగ్గురికి చక్కెర ప్రమాదకరముగా పడిపోయెను. కావున 140 నుండి 180 నడుమ నుంచుట మేలని వైద్యులు సాధారణముగా ఎంచుచున్నారు.

ఇందు మనకు గల పాఠమేమన, ఆ గడియలో చక్కెరను సరిదిద్దుట వైద్యుని పని, కాలము వృథాపోకుండ చూచుట ఇంటివారి పని. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఈయవలెను. ధారూరువంటి చోట్లనుండి పెద్ద ఆసుపత్రి చేరుటకే చాల సేపు పట్టును. మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట అను వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను 108కి ఫోను చేసి, లక్షణము మొదలైన వేళను వ్రాసికొని, సి.టి. స్కాను గల ఆసుపత్రికి చేర్పవలెను. నోట నీళ్లుగాని మందుగాని పోయరాదు. మింగలేనివారికి అవి ఊపిరితిత్తులలోనికి పోవును. ఇంటనున్న చక్కెర మాత్రలను, ఇన్సులినును అప్పుడు మనంతట మనము ఈయరాదు. చక్కెర మిక్కిలి పడిపోయినను పక్షవాతమువంటి గుర్తులే కనబడవచ్చును.

చక్కెరపై మన శ్రద్ధ రోగము రాకమునుపును, తగ్గిన పిదపను చూపదగినది. పరీక్షలు, మాత్రలు, మితాహారము, నడక, రక్తపుపోటును అదుపులో నుంచుట, పొగాకు మానుట, పడిన అవయవములకు నిత్యము వ్యాయామము చేయించుట, ఇవియే రోగిని మరల నిలువబెట్టును. నవంబరు మాసమున ధారూరు జాతరకు వచ్చి గుడారములలో దిగు పెద్దలు ప్రార్థన పుస్తకముతోపాటు మాత్రల పొట్లమును తెచ్చుకొనవలెనని మా మనవి. విద్యార్థులారా, పైన చెప్పిన మూడు గుర్తులను నేడే మీ యింట అవ్వతాతలకు చదివి వినిపింపుడు.