అష్టా చెమ్మాలో పొత్తులు

అష్టా చెమ్మా తెలుగునాట గవ్వలతో ఆడే ఆట. ఇద్దరి నుండి నలుగురి వరకు ఆడవచ్చును. కర్ణాటకలో ఆడే చౌకాబారా దీనికి చాలా దగ్గరి ఆట. నలుగురు కూర్చున్నప్పుడు ఇది కేవలం అదృష్టంపై ఆధారపడిన ఆటగా ఉండదు. "నా కాయ జోలికి రాకు, నీ కాయ జోలికి నేను రాను" అనే నోటిమాట ఒప్పందాలు, వాటిని తప్పడాలు ఆట గతిని మారుస్తాయి.

ఆడే విధానం

నేలపై సుద్దతో అడ్డం ఐదు, నిలువు ఐదు చొప్పున 25 గడులు గీస్తారు. నాలుగు అంచులలోని మధ్య గడులకు, నడిమి గడికి ఇంటూ గుర్తు వేస్తారు. ఈ గడులలో ఉన్న కాయను చంపరాదు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు ఉంటాయి. చింతగింజలు, గాజు ముక్కలు, గులకరాళ్ళు ఏవైనా కాయలుగా పనికివస్తాయి. నాలుగు గవ్వలు వేసి వెల్లకిలా పడినవాటిని లెక్కిస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). ఈ రెండూ పడినప్పుడు, ఎదుటి కాయను చంపినప్పుడు మరొకసారి గవ్వలు వేయవచ్చును. కాయ బయటి వరుస చుట్టి, లోపలి వరుసలో ఎదురు దిశగా తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్లు. ఇందుకు 24 గడులు నడవాలి. చచ్చిన కాయ మళ్ళీ మొదటి నుండి బయలుదేరాలి.

పొత్తు ఎందుకు నిలవదు

ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనివారు లోపలి వరుసలోనికి పోరాదని చాలాచోట్ల నియమం ఉంది. పొత్తులను విరిచేది ఈ నియమమే. ముందున్న ఆటగాడిని ఆపడానికి ఇద్దరు కలుస్తారు. వారిలో ఒకరికి కాయ దొరికిందంటే అతని అవసరం తీరిపోతుంది, ఇక అతడు శాంతినే కోరుకుంటాడు. రెండవవాడు మాత్రం ఇంకా ఎవరినో ఒకరిని చంపితీరాలి. మిగిలినవారి కాయలన్నీ ఇంటూ గడులలో ఉంటే అతనికి అందేది మిత్రుని కాయ ఒక్కటే.

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, రెండు పడే అవకాశం పదహారింట ఆరు. ఒకటికి, మూడుకు నాలుగేసి అవకాశాలు, చెమ్మాకు, అష్టాకు ఒక్కొక్కటే. అందుచేత ఆట తెలిసినవారు మిత్రుని కాయకు సరిగ్గా రెండు గడుల ముందు తమ కాయను నిలపరు. బయటి వరుస దాదాపు పూర్తిచేసిన కాయ చస్తే పదిహేను గడుల నడక పోతుంది. పిల్లల ఆటలో అలకలు, గవ్వలు విసిరికొట్టడాలు ఎక్కువగా ఇక్కడే!

నియమాలలో తేడాలు

విశాఖపట్నంలో 1933లో ఓడరేవు ప్రారంభమైంది, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఉద్యోగాల కొరకు అనేక జిల్లాలవారు వచ్చి స్థిరపడిన ఇటువంటి ఊళ్ళలో ఒక్కొక్క ఇంటి నియమాలు ఒక్కొక్క విధంగా ఉండవచ్చును. చంపనిదే లోపలికి పోవచ్చునా, ఒకే గడిలో రెండు కాయలు నిలవవచ్చునా అన్నవి ముందే తేల్చుకోవడం మంచిది. ఒప్పందాన్ని నిలబెట్టుకోవాలనే నియమం మాత్రం సాధారణంగా ఎవరూ పెట్టుకోరు.

ఇతర ఆటలు

అమెరికాకు చెందిన అలన్ కాల్హామర్ రూపొందించి 1959లో విడుదల చేసిన డిప్లొమసీ ఆటలో పాచికలే లేవు. ఏడుగురు ఆటగాళ్ళు ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు, కానీ ఆ మాటకు కట్టుబడనక్కరలేదు. మన దేశంలో పాచికలతో నలుగురు ఆడే చదరంగాన్ని క్రీ.శ. 1030 ప్రాంతంలో అల్ బిరూనీ వర్ణించాడు. బెంగాలుకు చెందిన రఘునందనుడు తెలిపిన నలుగురి చదరంగంలో ఎదురెదురుగా కూర్చున్నవారు మిత్రులు. అయినా ఒకరి రాజు రెండవవారి సింహాసనపు గడిని ఆక్రమిస్తే మిత్రుని సేన కూడా అతని వశమవుతుంది.