పాత బ్యాటరీ ఎక్కడికి పోతుంది?

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సుకోసం కూర్చున్నాను. ఎదుట ఆటో ఆగింది. డ్రైవరు పాత బ్యాటరీ దింపి, పాతసామాన్ల వ్యాపారి కాటామీద పెట్టాడు. డబ్బు చేతికి వచ్చింది.

"ఇది ఎక్కడికి పోతుంది నాయనా?" అని అడిగాను.

"కరగబెడతారు సార్. సీసం వూరికే పోదుగదా!" అన్నాడు వ్యాపారి.

నిజమే. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. ఎన్నిసార్లు కరిగించినా దాని గుణం చెడదు. గనులు తవ్వడంకన్నా పాతది వాడుకోవడమే మేలు. చిక్కల్లా కరిగించే తీరులో వుంది. 327 డిగ్రీల సెంటిగ్రేడుకే సీసం కరుగుతుంది; బొగ్గుల కొలిమి చాలు. అందుకే కర్మాగారానికి పోవలసిన సరుకు కొన్నిచోట్ల పెరళ్లలోకి పోతుంది. యాసిడ్ నేలపాలు, పొగ గాలిపాలు, ధూళి పసిపిల్లల పాలు!

"మెట్టప్రాంతం. వానల్లేవు, పనుల్లేవు. ఏ పరిశ్రమ వచ్చినా కాదనగలమా?" అన్నారు బల్లమీది పెద్దాయన.

చంటిబిడ్డ నెత్తుకున్న ఆయన కోడలు వూరుకోలేదు. "మన నీళ్లలో ఫ్లోరైడు చాలదా మామయ్యా? సీసం కూడానా?"

ఇద్దరి మాటా తోసివేయదగ్గది కాదు.

"ఏలూరులో జనం పడిపోయినప్పుడు పేపర్లో చదివాం సార్, సీసమని," అన్నాడు డ్రైవరు.

అది 2020 డిసెంబరు సంగతి. రోగుల రక్తంలో సీసం, నికెల్ వున్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తరువాత అనుమానం పురుగుమందులమీదికి మళ్లింది. కాని బ్యాటరీల సీసం చేసే చేటు సందేహానికి తావులేనిది. సెనెగల్ దేశంలో డకార్ నగర శివారున, బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లించి అమ్ముకున్న పేటలో, 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు. వారి తోబుట్టువుల రక్తంలో సీసం విపరీతంగా కనిపించింది.

సీసానికి వాసన లేదు. మింగిన సీసం పెద్దలకన్నా పసివాళ్ల వొంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఎముకల్లో దాగుతుంది, బుద్ధిని మందగింపజేస్తుంది. పిల్లవాడు మొద్దని మనం బెత్తం తీస్తాం! ఇంతవరకు ఫరవాలేదనదగ్గ మోతాదే లేదంటున్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి, రిజిస్టరయిన కర్మాగారాలకు చేర్చే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేచోటనే పాతది యిచ్చి, అది ఎక్కడికి పోతుందో అడగడం మన వంతు. సీసం పనిచేసి వచ్చినవారు బట్టలు మార్చి, స్నానం చేసిన తరువాతే బిడ్డ నెత్తుకోవాలి.

ఇదంతా విని డ్రైవరు తల గోక్కున్నాడు. "అంగట్లో కాస్త తక్కువిస్తారు సార్!"

"ఆ మిగిలింది డాక్టరుకు పోస్తావా అన్నా?" అన్నది కోడలు.

పెద్దాయన ఈసారి మాట్లాడలేదు. మనవణ్ణి చేతుల్లోకి తీసుకుని బస్సెక్కారు.