మీకు తెలుసా? ముడత పైకా, కిందికా

వ్యవసాయ బీయస్సీ పట్టా చేతికి రావాలంటే చివరి ఏడాది పల్లెలో మకాం పెట్టాల్సిందే. కాగితం మీద దాని పేరు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలు మాత్రం ఇంగ్లిష్ పేరును కుదించి ‘రావెప్’ అంటారు. 1992లో రంధావా కమిటీ దీన్ని సిఫార్సు చేసింది. ఐదో డీన్ల కమిటీ సిలబస్‌లో 20 వారాల సెమిస్టరంతా ఇలాంటి పనికే. అందులో 8 వారాలు ఊళ్లోనే, రైతు వెంట.

ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయడం తొలి పనుల్లో ఒకటి. పేపర్లో ఫొటో పడేది దానికే. అసలు పరీక్ష మిరప చేలో ఉంటుంది. “ముడత వచ్చింది, ఏం కొట్టమంటావమ్మా?” అంటాడు రైతు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని బోర్లించిన పడవలా ఉంటే నల్లి. నల్లి అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్ల సాలీడు బంధువు. చాలా పురుగుమందులు దాన్నేమీ చేయవు. కొన్నయితే నల్లిని తినే మిత్రపురుగులను చంపి దాన్నే పెంచుతాయి. తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ ముడతయితే మొక్కను బాగుచేసే మందే లేదు, పీకేయాలి. డబ్బా కొనడానికి సిద్ధమైన పెద్దాయనతో “కొట్టొద్దు బాబాయ్” అనడానికి ఇరవై ఏళ్ల పిల్లకు చదువొక్కటే చాలదు, గుండె కావాలి. మార్కులు పడే గుణం కాదది.

పుస్తకం చాలని రోజులూ ఉంటాయి. 2021లో గుంటూరు, ప్రకాశం మిరప మీద పడ్డ నల్ల తామర పురుగు ఆకుల్లోకన్నా పూలల్లోనే ఎక్కువగా గుంపులుగా చేరి పూత రాల్చేసింది. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్న సలహాలు ఊరూరా వినిపించాయి. రైతుకు సలహా చెప్పాల్సిన, 2019లో గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులుగా చేరినవాళ్లకు అప్పటికింకా ఉద్యోగం కొత్తే.

బీఏ, బీకాం పిల్లలకు ఇలా బయటికెళ్లి నేర్చుకునే యోగం ఆలస్యంగా పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు. రావెప్ పిల్లలకు ఉన్నట్టు నిలదీసి అడిగే రైతు మాత్రం వీళ్లకు లేడు. అలాంటి మనిషిని వెతికి పెట్టే పని వాళ్ల కాలేజీదే.