బండి, కాకి, తాటిపండు

మన క్లాసులో చాలామందిమి స్కూటర్ల మీద వస్తాం. సర్వీసుకిచ్చిన బండి ఇంటికొచ్చాక ముందు లేని పగులో, గీతో, నూనె మరకో కనిపిస్తే ఏం చేయాలి? తిరిగి షెడ్డుకి వెళ్ళి అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "అది ముందే ఉండె." దానికి మన దగ్గర జవాబు లేకపోతే మాట అక్కడితో సరి. ఆ జవాబును ఎలా తయారు చేసుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

తెలుగు చదివేవాళ్ళం కాబట్టి మనకు కాకతాళీయ న్యాయం తెలుసు. కాకి వచ్చి వాలింది, అదే సమయానికి తాటిపండు రాలింది. అంతమాత్రాన పండును కాకే రాల్చిందని చెప్పలేం. ఇక్కడ సర్వీసు కాకి, పగులు తాటిపండు. మెకానిక్ చెప్పేది కూడా అదే, రెండూ వెంటవెంటనే జరిగాయంతే అని. ఆ మాటలో కొన్నిసార్లు నిజం ఉంటుంది. ఆయిల్ మార్చిన రెండో రోజు హెడ్‌లైట్ బల్బు పోతే అది మెకానిక్ తప్పు కాదు. అందుకే తగువుకి వెళ్ళే ముందు మనల్ని మనమే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, పాడైన భాగాన్ని వాళ్ళు ముట్టుకున్నారా? కార్బ్యురేటర్ శుభ్రం చేయాలంటే పక్క ప్యానెళ్ళు ఊడదీయాలి. ఆయిల్ మార్చాలంటే ఇంజన్ కింద ఉండే డ్రెయిన్ బోల్టు విప్పాలి. ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. అతిగా బిగిస్తే అల్యూమినియం మరలు తెగిపోతాయి, నూనె చుక్కచుక్కగా కారుతుంది. బిల్లులో రాసిన పనికీ, పాడైన చోటుకీ ఇలాంటి సంబంధం ఉంటే మన మాటకి బలం వస్తుంది.

రెండోది, ముందు ఎలా ఉండేదో చూపించగలమా? మూడోది, అది కొత్తదని ఆ చోటే చెబుతోందా? ప్లాస్టిక్‌లో కొత్త పగులు అంచు శుభ్రంగా, చాలాసార్లు తెల్లగా ఉంటుంది. పాత పగులులోకి దుమ్మూ నూనే చేరి నల్లబడుతుంది. నాలుగు రోజులు తిరిగితే కొత్తది కూడా పాతదానిలాగే అవుతుంది, కాబట్టి చూసిన రోజే దగ్గరగా ఫోటో తీయాలి. నూనె విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఆయిల్ పోసేటప్పుడు ఒలికిందే కిందికి కారుతూ ఉండొచ్చు. బోల్టు చుట్టూ గుడ్డతో తుడిచి, రాత్రి బండి కింద న్యూస్‌పేపర్ పరిస్తే పొద్దున నిజం తెలుస్తుంది. మళ్ళీ చుక్కలు పడితే ఆ బండిని నడపకూడదు. నూనె తగ్గితే ఇంజన్ పట్టేస్తుంది, వెనక టైరుకి నూనె అంటితే బండి జారుతుంది.

ఈ మూడూ కలిస్తే ఎలా పనిచేస్తాయో మా ఇంట్లో జరిగినదాంతో చెప్తాను. మాది ఏడేళ్ళ స్కూటరు, అమ్మ పేరు మీద ఉంది. ఆయిల్ మార్చి కార్బ్యురేటర్ శుభ్రం చేయమని మా ఏరియాలో ఒక షెడ్డుకిచ్చాం. చీకటి పడ్డాక ఇంటికి తెచ్చాం. పొద్దున చూస్తే సీటు కింద ఎడమవైపు ప్యానెల్‌కి, స్క్రూ దగ్గర్నుంచి వేలెడు పొడవు పగులు. నేనొక్కదాన్నే వెళ్ళి అడిగితే షెడ్డాయన, "మీ నాన్నని పంపమ్మా, మాట్లాడతా" అన్నాడు. నాన్నేమో, "ప్లాస్టిక్ ముక్కకి ఇంత రచ్చ ఎందుకు?" అన్నాడు. కొత్త ప్యానెల్ 1,350 రూపాయలు. బండి అమ్మది, సంపాదన అమ్మది, అది రచ్చ అని ఆమెకి అనిపించలేదు. నన్ను వెంటబెట్టుకుని తనే వెళ్ళింది.

"ముందే ఉండె కదక్కా" అన్నాడాయన. అమ్మ ఫోన్ తీసి ఆయుధ పూజ ఫోటో చూపించింది. బెంగళూరులో ఆ రోజు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి ఫోటో తీసుకోని ఇల్లు అరుదు కదా. ఎడమవైపు నుంచి తీసిన ఆ ఫోటోలో స్క్రూ కూడా కనిపిస్తోంది, పగులు లేదు. "అది తొమ్మిది రోజుల కిందటిది కదక్కా" అన్నాడు. అది న్యాయమైన మాటే. అప్పుడు అమ్మ, "సరేనప్పా, ఈ అంచు చూడు, ఇంత తెల్లగా ఉంది. ఈ ప్యానెల్ విప్పింది మీరే కదా?" అంది. బిల్లులో కార్బ్యురేటర్ క్లీనింగ్ అని రాసే ఉంది. కాసేపు చూసి, పనిచేసే కుర్రాడు ఒక స్క్రూ తీయకుండా లాగి ఉంటాడని ఒప్పుకున్నాడు. ప్యానెల్ తనే తెప్పించి బిగించాడు. రంగు కొంచెం తేడాగానే ఉంది, కానీ డబ్బు అడగలేదు. ఫోటో, అంచు, బిల్లు విడివిడిగా అయితే ఏదీ సరిపోయేది కాదు. మూడూ కలిశాక కాకి మీదికి నెట్టడానికి వీల్లేకపోయింది.

అంత తేలిగ్గా ఒప్పుకోకపోతే చట్టం ఏమంటుంది? బండి తాళం షెడ్డువాళ్ళ చేతిలో పెట్టడాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. ఒక పని కోసం నమ్మి అప్పగించడం అన్నమాట. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువునూ అలాగే చూడాలని అందులో 151వ సెక్షన్ చెబుతుంది. కొన్ని షెడ్లలో "వాహనాలకు యజమానులదే బాధ్యత" అని బోర్డు ఉంటుంది. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్లో పార్కింగ్ కోసం సిబ్బందికిచ్చిన కారు దొంగతనానికి గురైంది. పార్కింగ్ చీటీ మీద అలాంటి రాతే ఉంది. హోటల్ వైపు అజాగ్రత్త ఉన్నప్పుడు ఆ రాత హోటల్‌ను కాపాడదని 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సిన బరువు కూడా హోటల్ మీదే ఉందని చెప్పింది. అది దొంగతనం కేసే అయినా అప్పగింత సూత్రం మన బండికీ అదే.

ఇంకోవైపు కూడా తెలియాలి. అదే 1872 చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చేసిన పనికి డబ్బు అందేదాకా వస్తువును తమ దగ్గర ఉంచుకునే హక్కు పనిచేసినవాళ్ళకి ఉంది. షెడ్డులోనే పగులు కనిపించిందని డబ్బు కట్టనంటే బండి అక్కడే నిలిచిపోవచ్చు. ఆ పూటకి బండి కావాలంటే డబ్బు కట్టి, "పగులు విషయంలో అభ్యంతరంతో చెల్లించాను" అని బిల్లు మీద రాసి, దాని ఫోటో తీసుకోవడం మేలు.

షెడ్డు వినకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో అజాగ్రత్త వల్ల నష్టం కలిగితే అది సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం తప్పుడు వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. డబ్బు కట్టినవాళ్ళే కాదు, వాళ్ళ అనుమతితో ఆ సేవ పొందేవాళ్ళూ వినియోగదారులే. అంటే అమ్మ బండి నడిపే కూతురు కూడా. "మీ నాన్నని పంపు" అనే మాటకి చట్టంలో చోటు లేదు.

వెళ్ళే వరస ఇది. ముందు షెడ్డుకి రాతపూర్వకంగా చెప్పాలి. బండి ఇచ్చిన తేదీ, చేయమన్న పని, కనిపించిన నష్టం, మనకు ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి, ఈ ఐదూ ఉంటే చాలు. తిట్లు వద్దు. ఇంకో మెకానిక్ చేత నష్టం ఏమిటో, ఎంత ఖర్చవుతుందో రాయించుకోవాలి. ఆ తర్వాతే రిపేరు చేయించాలి, లేకపోతే చూపించడానికి ఏమీ మిగలదు. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆఖరిది జిల్లా వినియోగదారుల కమిషన్. షెడ్డు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. నష్టం జరిగినప్పటి నుంచి 2 ఏళ్ళ గడువు ఉంటుంది. పరీక్షలు అవసరం లేని కేసులు 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకా ఎక్కువ పట్టొచ్చు, అందుకే మొదటి మెట్టులోనే తేలడం అందరికీ మంచిది.

ఆ మొదటి మెట్టు బండి ఇచ్చే రోజే మొదలవుతుంది. పెద్ద సర్వీసు సెంటర్లో జాబ్ కార్డు ఇస్తారు. సంతకం పెట్టే ముందు ఉన్న గీతలన్నీ అందులో రాయించాలి, లేనివి రాసి ఉంటే కొట్టేయించాలి. చిన్న షెడ్డులో కార్డు ఉండదు. అక్కడ నాలుగు వైపులా, మీటరు, పెట్రోలు ముల్లు కనిపించేలా ఫోటోలు తీసి, షెడ్డాయన నంబరుకే వాట్సాప్‌లో పంపొచ్చు. కింద, "పొద్దున 10కి బండి ఇచ్చాను, ఆయిల్ మార్చాలి, బ్రేకు చూడాలి" అని ఒక్క వాక్యం చాలు. ఆయనకు ఏ భాష చదవడం వస్తే ఆ భాషలో రాయండి. మా ఇంట్లో మాట తెలుగులో సాగినా ఈ మెసేజ్ నేను కన్నడలో పెడతాను. తిరిగి తీసుకునేటప్పుడు వెలుతురు ఉండగానే వెళ్ళి, అవే వైపులు మళ్ళీ చూసి, ఒక రౌండు నడిపి, అప్పుడు డబ్బు కట్టండి. బిల్లును డిక్కీలో ఆర్సీ జిరాక్స్ ఉన్న కవర్లోనే పెట్టుకోండి.