గురి మీదా... పిస్టల్‌దా?

2024 జులై 28, ఆదివారం మధ్యాహ్నం. పారిస్‌ ఒలింపిక్స్‌ పది మీటర్ల ఎయిర్‌ పిస్టల్‌ ఫైనల్లో మను భాకర్‌ కంచు పతకం గెలిచింది. షూటింగ్‌లో ఒలింపిక్‌ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. రెండు రోజుల తర్వాత సరబ్‌జోత్‌ సింగ్‌తో కలిసి మరో కంచు! అక్కడ పారిస్‌లో ఆ జెండా ఎగురుతుంటే ఇక్కడ ‘ఆంధ్రా ప్యారిస్‌’ తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో టీవీల ముందు కూర్చున్న పిల్లల్లో ‘నాన్నా, నాకూ ఓ పిస్టల్‌ కొనిపెట్టవా’ అని అడిగినవాళ్లు ఎంతమందో!

అడగడం తేలికే. కొనడమే కష్టం. పోటీల్లో వాడే విదేశీ పిస్టల్‌ ధర రమారమి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా ఉంటుంది. చిన్న వ్యాపారికైనా, నెలజీతం మీద బతికే ఉద్యోగికైనా, కౌలు కట్టి సేద్యం చేసే రైతుకైనా అది చిన్న మొత్తం కాదు. అలాగని చవకలో వస్తోందని నాలుగైదు వేలు పెట్టి ఏదో ఒకటి తెస్తే ఆర్నెల్లు తిరక్కుండానే అది అటకెక్కుతుంది. దాంతోపాటు పిల్లల ఉత్సాహమూ అటకెక్కుతుంది. ‘మనవాడికి గురి లేదులే’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని మనం నవ్వుకుంటాం కానీ, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది!

చొక్కా గుండీ అంత...

ముందు ఆ లక్ష్యం ఎంతుంటుందో చూద్దాం. పది మీటర్ల దూరంలో, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది టార్గెట్‌. మధ్యలోని నల్లటి భాగం అడ్డుకొలత 59.5 మిల్లీమీటర్లు. అంటే బత్తాయికాయంత. దాని నడుమన పది పాయింట్లు తెచ్చే వలయం 11.5 మి.మీ. సరిగ్గా చొక్కా గుండీ అంత! ఒంటిచేత్తో, ఏ ఆసరా లేకుండా నిలబడి 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. ఒకప్పుడు ఆడవాళ్లకి 40 షాట్లే ఉండేవి. 2018 నుంచి వాళ్లకీ అరవై అయ్యాయి.

ఇక్కడో చిన్న లెక్క. పెల్లెట్‌ అంచు వలయాన్ని తాకితే చాలు, ఆ పాయింట్లు వచ్చేస్తాయి. పెల్లెట్‌ అడ్డుకొలత 4.5 మి.మీ. కాబట్టి అది కేంద్రానికి 8 మి.మీ. దూరంలో పడినా పదికి పది పాయింట్లూ మీవే. పోటీల స్థాయి పిస్టల్‌ని బిగించి కాలిస్తే అయిదు పెల్లెట్లూ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. పేరున్న ఏ కంపెనీ పిస్టల్‌ అయినా అంతే. ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్‌, స్టెయర్‌, మోరిని, పార్దిని... వీటిలో దేని గురి ఎక్కువ అని తలలు పట్టుకోవడం అనవసరం. మొదలుపెట్టే పిల్లలకే కాదు, రాష్ట్రస్థాయి క్రీడాకారులకి కూడా ఆ తేడా తెలియదు.

మరి పాయింట్లు ఎక్కడ పోతాయి? చేతిలో! పిస్టల్‌ మీద వెనకా ముందూ రెండు సైట్లుంటాయి. వాటి మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. వెనక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల అవతల పెల్లెట్‌ 31 మి.మీ. పక్కన పడుతుంది. పది కాస్తా ఏడైపోతుంది. అదే, సైట్లు రెండూ వరసలో ఉండి చెయ్యి మొత్తం 7 మి.మీ. అటూ ఇటూ ఊగినా పదే! అందుకే చెయ్యి కొంచెం వణికినా ఫర్వాలేదు, మణికట్టు మాత్రం తిరగకూడదు. మణికట్టుని తిప్పేవి రెండే... చేతికి సరిపోని పిడి, గట్టిగా ఉండే ట్రిగ్గరు. కొనేటప్పుడు చూడాల్సింది వాటినే.

తిరునాళ్ల తుపాకీ

తిరునాళ్లలో బెలూన్లు పగలగొట్టే తుపాకీ గుర్తుందా? గొట్టాన్ని విరిచి గుండు పెట్టి కాలుస్తారు. చవకరకం ఎయిర్‌ పిస్టళ్లూ చాలావరకు ఆ పద్ధతివే. లోపల బలమైన స్ప్రింగ్‌ ఉంటుంది. ట్రిగ్గర్‌ నొక్కగానే పిస్టన్‌ ముందుకి దూసుకెళుతుంది, దాంతో పిస్టల్‌ వెనక్కి కుదుపుకుంటుంది. పిస్టన్‌ చివరికి వెళ్లి కొట్టుకోగానే మళ్లీ ముందుకి. ఇదంతా పెల్లెట్‌ ఇంకా గొట్టంలో ఉండగానే జరిగిపోతుంది! పట్టు ఏమాత్రం మారినా దెబ్బ ఇంకోచోట తగులుతుంది. ఆ పిల్లాడు తప్పు చేశాడో, పిస్టల్‌ చేసిందో కోచ్‌కి కూడా అర్థం కాదు. ట్రిగ్గరు సంగతీ అంతే. కిలో బరువున్న పిస్టల్‌ మీద కిలోన్నర బలంతో వేలు లాగితే అది కదలకుండా ఎలా ఉంటుంది?

ఈ కుదుపుని తప్పించడానికి 1960ల్లో జర్మనీకి చెందిన ఫైన్‌వెర్క్‌బౌ ‘మోడల్‌ 65’ అనే స్ప్రింగ్‌ పిస్టల్‌ చేసింది. కాల్చగానే పైభాగం మొత్తం పట్టాల మీద జారినట్టు వెనక్కి జారుతుంది, కుదుపు చేతికి తెలియదు. అర్ధశతాబ్దం దాటినా వాటిలో కొన్ని ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. అలాంటిది దొరికితే సరే, లేదంటే స్ప్రింగ్‌ జోలికి పోకపోవడమే మేలు.

గాలి ఎవరు నింపుతారు?

ఈ ప్రశ్నే మన ఊళ్లకి అసలైంది. ఇప్పటి పోటీ పిస్టళ్లకి గొట్టం కింద సన్నటి సిలిండర్‌ ఉంటుంది. అందులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే నూటయాభైకి పైగా షాట్లు వస్తాయి. కుదుపు దాదాపు సున్నా. అయితే కారు టైరులో ఉండే గాలి రెండు బార్లకి కాస్త ఎక్కువ. పంక్చర్‌ షాపు కంప్రెసర్‌ మహా అయితే పది బార్లు ఇస్తుందేమో. 200 బార్లు కావాలంటే ప్రత్యేకమైన చేతిపంపు కొనాలి, లేదా గజ ఈతగాళ్లు వీపున కట్టుకునే స్కూబా సిలిండర్‌ తెచ్చుకుని దాన్నుంచి నింపుకోవాలి. చేతిపంపుతో నింపడమంటే పెద్దవాళ్లకే చెమటలు పడతాయి. పైగా సముద్రగాలి తగిలే బాపట్ల, రేపల్లెల్లో గాలితోపాటు తేమ కూడా సిలిండర్లోకి చేరుతుంది. పంపుకి తేమను పీల్చే ఫిల్టర్‌ తప్పనిసరి.

ఒక్కమాట మాత్రం ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. ఆస్పత్రి ఆక్సిజన్‌ సిలిండర్‌ నుంచి గాని, వెల్డింగ్‌ షాపు నుంచి గాని ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి కాస్త నూనెజిడ్డు తగిలినా పేలిపోతుంది.

ఈ బాధలేమీ లేనిది ఇంకో రకం ఉంది. పక్కనో కిందో ఉండే మీటని ఒకసారి పూర్తిగా తెరిచి మూస్తే ఒక షాట్‌కి సరిపడా గాలి నిండుతుంది. రష్యా తయారీ ‘ఐజెడ్‌హెచ్‌-46’ ఈ కోవలోదే. చూడ్డానికి మొరటుగా ఉంటుంది కానీ గురి మాత్రం మెచ్చుకోవాల్సిందే. సిలిండరూ వద్దు, పంపూ వద్దు. కాకపోతే అరవై షాట్లకి అరవైసార్లు మీట లాగాలి. పన్నెండేళ్ల పిల్లకి ఇరవయ్యో షాట్‌కే భుజం లాగేస్తుంది. అలాంటప్పుడు మీట పెద్దవాళ్లు లాగి ఇవ్వాల్సిందే! రేంజికి వారానికోసారి మాత్రమే వెళ్లగలిగి, గాలి నింపేవాళ్లు దగ్గర్లో లేని రేపల్లె లాంటి ఊరికి మొదటి పిస్టల్‌గా ఇదే నయం. వారానికి నాలుగైదు రోజులు సాధన చేసే పిల్లలకైతే సిలిండర్‌ రకమే కావాలి.

కార్బన్‌ డయాక్సైడ్‌తో నడిచే పాతవి తక్కువకొస్తాయి. ఎండ పెరిగితే ఆ గ్యాస్‌ ఒత్తిడీ పెరుగుతుంది. మన మే నెలలో దెబ్బ పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట! వదిలేయండి.

చెప్పుల్లాగే... కొలత చూసి!

చెప్పులు వేసుకుని చూడకుండా కొనం కదా, పిస్టల్‌ పిడీ అంతే. ఎక్కువగా వాల్‌నట్‌ చెక్కతో చేస్తారు. చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి. కుడిచేతివి వేరు, ఎడమచేతివి వేరు. పట్టుకుని కళ్లు మూసుకుని చెయ్యి చాపాలి. కళ్లు తెరిచేసరికి సైట్లు రెండూ వాటంతటవే వరసలో కనిపించాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం సూటిగా ట్రిగ్గరు మీద ఆనాలి. మణికట్టు వంచి సర్దుకోవాల్సి వస్తే ఆ పిడి మీది కాదు. చిన్నచిన్న తేడాలైతే చెక్క పుట్టీ పెట్టి, ఆకురాయితో గీకి సరిచేసుకోవచ్చు.

అంతకంటే ముందు పిల్లల కన్ను చూడాలి. రెండు కళ్లూ తెరిచి బొటనవేలూ చూపుడువేలూ కలిపిన సున్నాలోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సున్నాలోనే ఉంటుందో అది బలమైన కన్ను. కుడిచేతివాటం వాళ్లలో కొందరికి ఎడమకన్ను బలంగా ఉంటుంది. ఈ సంగతి కొన్నాక తెలిస్తే పిడికి మళ్లీ డబ్బు పెట్టాలి.

ఇక బరువు. నిబంధనల ప్రకారం కిలోన్నర మించకూడదు. మామూలుగా కిలో అటూఇటూ ఉంటాయి. కిలో కందిపప్పు ప్యాకెట్‌ చేత్తో పట్టుకుని భుజం ఎత్తున పది సెకన్లు చాపి దించమనండి, అలా అరవైసార్లు. సగంలోనే నీరసపడితే గొట్టం పొట్టిగా, తేలిగ్గా ఉండే పిల్లల రకం చూడాలి. ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువు మోయాలన్నది మరో నిబంధన. పోటీకి ముందు తూకం వేలాడదీసి మరీ చూస్తారు. ట్రిగ్గరు రెండు మెట్లుగా ఉండాలి... మొదట తేలిగ్గా జరిగి ఒకచోట ఆగాలి, అక్కడ్నుంచి గాజుపుల్ల విరిగినట్టు పట్టున తెగాలి. బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్‌ ట్రిగ్గర్లు మరింత నున్నగా ఉంటాయి. కానీ మొదటి పిస్టల్‌కి మామూలు ట్రిగ్గరే మంచిది, చెడినా బాగుచేయించుకోవడం సులువు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ మధ్యలో మను భాకర్‌ పిస్టల్‌ మొరాయించింది. అది బాగుచేసుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. ఫైనల్‌కి తక్కువైంది రెండంటే రెండు పాయింట్లు!

పాతది కొంటున్నారా?

షూటర్లు పిస్టళ్లు మారుస్తుంటారు. సగం ధరకి మంచివి దొరుకుతాయి. అయితే సిలిండర్‌ మీద ముద్రించిన తేదీ చూడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు. వాటి ఆయుష్షు పదేళ్లు. అది దాటిన సిలిండర్‌తో పోటీలోకి రానివ్వరు, అన్నిటికీ మించి అది ప్రమాదం. కొత్త సిలిండర్ల ధర కలిపి లెక్కేస్తే ‘చవక బేరం’ ఒక్కోసారి చవక కాదు.

తర్వాత రేంజిలో పరీక్ష. ఇసుక సంచి మీద చెయ్యి ఆనించి ఒకే రకం పెల్లెట్లతో అయిదు షాట్లు కాల్చాలి. బయటి అంచు నుంచి బయటి అంచుకి చిల్లు 8 మి.మీ. లోపు ఉంటే భేషు. ఎక్కువుంటే వెంటనే పిస్టల్‌ని తిట్టకండి, పెల్లెట్లు మార్చి చూడండి. పెల్లెట్‌ తల కొలతలో 4.48, 4.49, 4.50... ఇలా వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఒక్కో గొట్టానికి ఒక్కోటి నప్పుతుంది. మొన ఉన్నవి కాకుండా తల చదునుగా ఉన్నవే కొనాలి. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించినట్టు చేస్తాయి. రోజుకి వంద చొప్పున వారానికి అయిదు రోజులు సాధన చేస్తే 500 పెల్లెట్ల డబ్బా వారానికే ఖాళీ. పిస్టల్‌ ధర చూసి భయపడేవాళ్లు ఈ ఖర్చు మర్చిపోతుంటారు!

బిల్లు పెట్టెలోనే...

2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం క్యాలిబర్‌ 4.5 మి.మీ. మించకుండా, 20 జౌళ్ల శక్తికి లోబడిన ఎయిర్‌ ఆయుధాలకి లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టల్‌ శక్తి ఆరు జౌళ్ల దగ్గరే ఉంటుంది. అయినా అధీకృత డీలరు దగ్గరే, గుర్తింపు పత్రం ఇచ్చి, బిల్లు తీసుకుని కొనాలి. ఆ బిల్లు నకలు పిస్టల్‌ పెట్టెలోనే ఉంచుకుంటే మంచిది. రేపల్లె ప్యాసింజరులో తెనాలి దాకా వచ్చి, అక్కడ్నుంచి పాతిక కిలోమీటర్ల గుంటూరుకో, ఇంకాస్త దూరంలోని విజయవాడకో రైలు మారే పిల్లలు తోటివాళ్లకి చూపిద్దామని పెట్టె తెరిస్తే... చూసేవాళ్లకి అది నిజం తుపాకీలాగే ఉంటుంది. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉంచాలి. ఇంటికొచ్చాక ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తుడిచి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్‌ పొట్లాలు వేయాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం.

ఇంతా చేసి, కొనడానికి తొందరేమీ లేదు. ముందు రేంజి పిస్టల్‌తోనో, క్లబ్బులో అద్దెకిచ్చేదానితోనో మూడు నాలుగు నెలలు నేర్చుకోనివ్వండి. హైదరాబాదీ ఈషా సింగ్‌ తొమ్మిదేళ్లప్పుడు గచ్చిబౌలిలో మొదలుపెట్టి, 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్‌ అయ్యింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. తండ్రి మోటార్‌ ర్యాలీల డ్రైవరు. బిడ్డ సాధన కోసం ఇంట్లోనే రేంజి ఏర్పాటు చేశారాయన.

అందరికీ అది కుదరదు. కానీ మంచి పిస్టళ్లన్నిటికీ పెల్లెట్‌ లేకుండా ట్రిగ్గరు నొక్కి సాధన చేసే వీలుంది. తెల్లగోడకి ఎదురుగా నిలబడి, సైట్లు చూస్తూ, అవి కదలకుండా ట్రిగ్గరు తెంచడం. పేరున్న షూటర్లూ రోజూ చేసేది ఇదే. పెల్లెట్ల ఖర్చు లేదు, గాలి ఖర్చు లేదు. ఓ గోడ, రోజుకో అరగంట... ఆ అరగంటసేపు టీవీ కట్టేసే ఇల్లు ఉంటే చాలు.