నవ్వేవాడు ఎక్కడ నిలబడ్డాడు?

పదిహేడో శతాబ్దపు నెదర్లాండ్స్ చిత్రకళలో విందులు, తాగుళ్ళు, పల్లె పండుగలు కొల్లలు. రాజులనూ దేవతలనూ వదిలి మామూలు మనుషులను పటంలోకి తెచ్చాయి గనుక ఇవన్నీ ప్రజాకళేనని తేలిగ్గా అనేసేవాళ్ళున్నారు. వస్తువు ఒక్కటే ఈ సంగతి తేల్చదని నా అభిప్రాయం. బొమ్మలో ప్రజలున్నారా అని అడిగితే చాలదు. ఆ బొమ్మ ఎవరి గోడకెక్కింది, చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడు అని కూడా అడగాలి.

కెర్మిస్ అంటే ఊరి చర్చి పేర ఏటా జరిగే పండుగ, మన తిరునాళ్ళ వంటిది. పేరు పూజది, సందడి బీరుదీ ఆటపాటలదీ. రూబెన్స్ 1635-38 ప్రాంతంలో గీసిన కెర్మిస్ పటం పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. తాగి వాలినవాళ్ళు, బిడ్డలకు పాలిచ్చే తల్లులు, ఒకరినొకరు లాక్కుంటూ చిందులేసే జంటలు అందులో కిక్కిరిసి ఉంటారు. ఆ పొంగు అబద్ధం కాదు. కాని గీసినవాడు 1635లో పల్లెపట్టున కోటనూ భూములనూ కొన్న పెద్దమనిషి.

డేవిడ్ టెనియెర్స్ సంగతి ఇంకా స్పష్టం. 1651 నాటికి ఆయన బ్రస్సెల్స్‌లో ఆర్చిడ్యూక్ లియోపోల్డ్ విల్‌హెల్మ్ ఆస్థాన చిత్రకారుడు. ఆయన కెర్మిస్‌లలో రైతులు చేతులు పట్టుకుని ఆడతారు, తాగి తూలతారు, గోడవార ఒంటికి పోస్తారు. కొన్ని పటాల్లో ఒక పక్కన ఖరీదైన బట్టల్లో దొరలూ దొరసానులూ నిలబడి వేడుక చూస్తుంటారు. కొన్నవాడి చూపు బొమ్మలోనే చేరిందన్నమాట. ఆ నేల మీద 1568 నుంచి 1648 దాకా సాగిన యుద్ధం గాని, రైతు మోసిన పన్నుల బరువు గాని ఆ వేడుకలో కనపడవు.

యాన్ స్టేన్ (1626-1679) దారి వేరు. లైడెన్‌లో బీరు కాచే కుటుంబంలో పుట్టాడు. తానూ డెల్ఫ్ట్‌లో కొంతకాలం బీరు బట్టీ నడిపాడు. 1672లో ఫ్రెంచి దండయాత్రతో బొమ్మల బజారు కుప్పకూలితే లైడెన్‌లో పానశాల తెరిచేందుకు అనుమతి తీసుకున్నాడు. హేగ్‌లోని మౌరిట్స్‌హాయిస్‌లో 1668-70 ప్రాంతపు ఆయన విందు పటం ఉంది. దాని మూలం ఒక డచ్చి సామెత: పెద్దలు పాడినట్టే పిల్లలు ఊదుతారని. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అని మనమనేది అదే. డచ్చిలో ‘ఊదడం’ అన్న మాటకు పొగ తాగడమనే అర్థం కూడా పలుకుతుంది. అందుకే పటంలో ముసలామె పాట చదువుతుంటే ఒక కుర్రాడు తిత్తి ఊదుతాడు, ఇంకొక కుర్రాడికి తండ్రి పొగగొట్టం అందిస్తాడు. అనుకరణకు గుర్తుగా చిలుక ఉండనే ఉంది. పకపకా నవ్వుతూ పొగగొట్టం అందించే ఆ తండ్రి ఎవరో కాదు, యాన్ స్టేనే.

ఇది నీతిపాఠమని కొందరు, వినోదమని కొందరు అంటారు. రైతు పండుగల పటాల మీద 1970లలో అల్పర్స్, మీడెమా అనే కళాచరిత్రకారుల మధ్య ఇటువంటి వాదమే నడిచింది. నాకు మాత్రం బఖ్తిన్ చెప్పినది దారి చూపుతుంది. 1965లో వెలువడిన రాబ్లే గ్రంథంలో ఆయన రెండు నవ్వులను వేరుచేశాడు. జనం పండుగ నవ్వు నవ్వేవాణ్ణి కూడా కలుపుకుంటుంది. ఎగతాళి చేసేవాడు మాత్రం పైన, వెలుపల నిలబడతాడు. టెనియెర్స్ దొరలది రెండోది. స్టేన్‌ది మొదటిది. తప్పును చూపిస్తూనే అందులో తన వాటా ఒప్పుకున్నాడు. లోకం మాత్రం ఊరుకోలేదు. చిందరవందర కొంపను డచ్చివాళ్ళు నేటికీ ‘యాన్ స్టేన్ సంసారం’ అంటారు.

స్టేన్ బొమ్మలు కొన్నదీ పట్నపు డబ్బే. ఆయనను విప్లవకారుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. కాని జాతరనో కల్లుపాకనో కథలోకి తెచ్చే రచయిత ఈ తేడా గమనించాలి. పేదవాడి సంతోషాన్ని వేడుకగా చూపించి పాఠకుణ్ణి దొరల పక్కన నిలబెట్టడం సులువు. ఆ పందిట్లో తనకూ ఒక పీట వేసుకుని, ఆ నవ్వులో తనూ దొరికిపోవడమే కష్టం.