అండమాన్ కంటే ముందు సింగపూర్

కోయిలకుంట్ల పక్కకు పనికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పే మాట ఇది: "నరసింహారెడ్డిని ఉరి తీసి, ఆయన మనుషుల్ని అండమాన్‌కు తోలినారప్పా." ఎమ్మిగనూరులో మా మేస్త్రీలూ అదే చెప్తారు. దొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసింది నిజమే. వెయ్యిమంది దాకా వారంట్లు పుట్టించి, చివరికి 112 మందికి శిక్షలు వేసిందీ నిజమే. అండమాన్ మాట మాత్రం కుదరదు. 1789లో ఇంగ్లీషువాళ్లు అక్కడ పెట్టిన మకాం రోగాలకు తాళలేక 1796లో ఎత్తేశారు. సిపాయిల తిరుగుబాటు అయ్యాక, 1858 మార్చి 10న, వాకర్ అనే డాక్టరు రెండువందల మంది ఖైదీలతో దిగేదాకా అక్కడ మళ్లీ జైలే లేదు.

మరి 1847లో ద్వీపాంతరం పడినవాణ్ణి యాడికి పంపేవాళ్లు? పినాంగ్, మలక్కా, సింగపూర్, బర్మాలో టెనాసెరిం. అంతకు ముందైతే సుమత్రా దీవిలోని బెంకూలెన్. 1802లోనే ఇంగ్లీషువాళ్ల మీద మరుదు సోదరుల పక్షాన పోరాడిన 73 మందిని తూత్తుకుడిలో ఓడెక్కించి పినాంగ్‌కు పంపారు. ఒక్క మలయా రేవులకే మొత్తం మీద పదిహేను వేల మంది దాకా భారతీయ ఖైదీలు పోయారని చరిత్రకారుల లెక్క.

మా ఆదోని 1800లో నైజాం చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే తెర్నేకల్లు ఊరు పన్నుల మీద తిరగబడితే ఫిరంగులు తెచ్చి కోట పగలగొట్టారు. ఆ గొడవలో ముత్తుకూరు గౌడప్పను ఉరి తీసిన కథ ఈ పల్లెల్లో ఇప్పటికీ చెప్తారు. 1953 దాకా మాది బళ్లారి జిల్లా, మద్రాసు రాజధాని. కాబట్టి మా పక్కవాడికి సముద్రం దాటే శిక్ష పడితే వాడు మద్రాసు ఖైదీల లెక్కలోకి పోతాడు. తెలుగువాడా, అరవవాడా అని ఆ లెక్కలో చూడరు.

యావజ్జీవం పడినవాళ్ల నుదుట చేసిన నేరం పచ్చపొడిచేవాళ్లు. 1849లో చట్టం చేసి ఆపారు గానీ, అప్పటికే పొడిపించుకున్నవాడి నుదురు ఏ చట్టం కడుగుతుంది? కొందరు ఆ రాత కనపడకుండా రుమాలు కనుబొమ్మల దాకా లాగి చుట్టుకునేవాళ్లు. సముద్రం దాటితే కులం పోయిందనుకునే కాలం అది. శిక్ష తీరినా ఊర్లో కలుపుకుంటారన్న నమ్మకం లేదు.

సింగపూర్‌కు మొదటి ఖైదీలు 1825 ఏప్రిల్ 18న దిగారు, బెంకూలెన్ నుంచి. ఆ ఎనభై మందీ మద్రాసువాళ్లే. 1850ల చివరికి ఖైదీలు రెండు వేలు దాటారు. కొత్తగా వచ్చినవాడికి కాళ్లకు సంకెళ్లు, రోడ్డు పని. బురద నేలలు పూడ్చడం, అడవి కొట్టడం. బుద్ధిగా ఉంటే సంకెళ్లు తీసి తరగతి పెంచుతారు. అట్లాంటి తరగతులు ఆరు. పై తరగతికి చేరితే టికెట్ ఇస్తారు. ఇక బయట ఉండి సొంతంగా బతకొచ్చు, హాజరు మాత్రం వేయించుకోవాలి. విచిత్రమేందంటే, ఖైదీలకు కాపలా కూడా ఖైదీలే. అక్కడ అధికారిగా చేసిన మెక్‌నెయిర్ అనే ఇంజనీరు 1899లో రాసిన పుస్తకానికి పేరే ఆ సంగతి మీద పెట్టాడు. ఇటుకలు కాల్చడం, రాయి కొట్టడం, వడ్రంగం, కమ్మరం అన్నీ జైల్లోనే నేర్పారు. నేరస్తుల్ని బాగుచేస్తున్నామని దొరలు రాసుకున్నారు. కూలి లేని పనివాళ్లు దొరికారని నేనంటాను.

నేను గానుగ సున్నం పని చేసినవాణ్ణి. ఆదోనిలో సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన జామియా మసీదు గోడల్ని చేత్తో తడిమి పెరిగినవాణ్ణి. అందుకే సింగపూర్‌లో అల్లుడు సెయింట్ ఆండ్రూస్ చర్చి చూపించి, "మామా, ఇది మనోళ్లు కట్టిందే" అన్నప్పుడు నేను శిఖరం వైపు చూడలేదు, గోడ దగ్గరికి పోయాను. మెక్‌ఫెర్సన్ అనే దొర నమూనా గీశాడు. 1856 నుంచి 1861 దాకా ఖైదీలు కట్టారు. గోడల పూతకు మద్రాసు సున్నం పద్ధతి. ఇసుక ఉండదు. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర వేసి ముద్దయ్యేదాకా నూరుతారు. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో కలుపుతారు. పూత ఆరినాక స్ఫటికపు రాయితోనో, నున్నటి గుండ్రాయితోనో రుద్దుతారు. మధ్య మధ్య బలపం రాయి పొడి చల్లుతారు. మా పక్క చక్కెర బదులు బెల్లం, దాంతోపాటు కరక్కాయ నీళ్లు వాడతారు. రుద్దే పని మాత్రం ఒకటే. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. ఆ పని తెలిసినవాడు దొంగతనానికి పోయాడో, దొరల మీదికి పోయాడో, కరువులో జొన్నల గాదె కొట్టాడో, గోడ చెప్పదు.

ఐర్లాండు ఖైదీల కథ కూడా ఇంతే. 1791లో క్వీన్ అనే ఓడ కార్క్ రేవు నుంచి వాళ్లను సిడ్నీకి చేర్చింది. 1868లో ఆఖరి ఓడ హౌగోమాంట్ వచ్చేదాకా నలభై వేలమంది దాకా పోయారు. గొర్రెలు దొంగిలించినవాళ్లూ ఉన్నారు, తిరుగుబాటు చేసినవాళ్లూ ఉన్నారు. ఆ ఆఖరి ఓడలో 62 మంది ఫెనియన్లు, ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లు. టికెట్ పద్ధతి వాళ్లకూ ఉంది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో మనుమలు, మునిమనుమలు కాగితాలు తీసి మా ముత్తాత ఖైదీ అని గొప్పగా చెప్పుకుంటారు. మనకు ఆ అలవాటు లేదు.

ఐర్లాండుకూ అండమాన్‌కూ ఇంకో చిక్కు ముడి ఉంది. 1872 ఫిబ్రవరి 8న పోర్ట్ బ్లెయిర్ చూడబోయి షేర్ అలీ అనే ఖైదీ కత్తికి బలైన వైస్రాయి మేయో డబ్లిన్‌లో పుట్టినవాడు. తర్వాత అక్కడి సెల్యులార్ జైల్లో గానుగ తిప్పించి మన ఖైదీల్ని సతాయించిన జైలర్ బారీ కూడా ఐరిష్‌వాడే. తన దేశం వాళ్లను ఓడలెక్కించిన దొరల కొలువులోనే మన వాళ్ల మీద పెత్తనం చేశాడు. జీతం రాళ్ల కోసం అనుకోవాలి.

తెలుగువాళ్లు నిజంగా అండమాన్ చూసిన కథ కావాలంటే మన్యానికి పోవాలి. అల్లూరి సీతారామరాజు దళంలో గాం మల్లుదొరకు ఉరిశిక్ష పడి, అది యావజ్జీవమై, అండమాన్‌కు పోయాడు. 1937లో విడుదలయ్యాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు.

సింగపూర్ ఖైదీలకు అట్లాంటి రోజు రాలేదు. 1867లో సింగపూర్, పినాంగ్, మలక్కా రేవులు ఇండియా సర్కారు కింద నుంచి విడిపోయాయి. 1873లో ఖైదీల జైలు మూసేసి కొందర్ని విడిచిపెట్టారు, మిగిలినవాళ్లను అండమాన్‌కు తోలారు. సింగపూర్‌లోనే నిలిచిపోయినవాళ్లు బండ్లు తోలుకున్నారు, పాలు అమ్ముకున్నారు.

మీ పిల్లలు సింగపూర్‌లో పని చేస్తుంటే, చూడబోయినప్పుడు సిటీ హాల్ స్టేషన్‌లో దిగండి, పక్కనే చర్చి. అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలో బ్రాస్ బసా రోడ్డు. ఖైదీల జైలు ఉండింది ఆ పక్కనే. ఆ రోడ్డును దాటిపోయే వీధికి ఇప్పటికీ బెంకూలెన్ స్ట్రీట్ అనే బోర్డు ఉంది.